తోడుకు చదరపు అడుగు లెక్కన ధర

పదవీ విరమణ చేసినవాళ్ల కోసం కట్టే ప్రత్యేక కాలనీల ప్రకటనలు ఈమధ్య మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వస్తున్నాయి. రిటైర్మెంట్ కమ్యూనిటీ, సీనియర్ లివింగ్ అని రకరకాల పేర్లు. పచ్చిక, నవ్వుతున్న తెల్లజుట్టు దంపతులు, వెనకాల క్లబ్ హౌస్. ఇక్కడ ఉంటే బీపీ అదుపులో ఉంటుంది, వేళకు భోజనం వస్తుంది, ఒంటరితనం ఉండదు, రాత్రిపూట బాత్రూంలో జారిపడితే గోడకున్న మీట నొక్కగానే నర్సు పరిగెత్తుకొస్తుంది అని రాస్తారు. కింద మన విశ్వాసి ఎవరో ఒకరు "ఆమేన్" అని కూడా పెడతారు.

ఆ ప్రకటనలు అబద్ధాలని చెప్పడానికి నేనిది రాయడం లేదు. వాటిలో ఉన్నది చాలావరకు నిజం. నా గొడవంతా అక్కడే మొదలవుతుంది. ముసలితనంలో మనిషిని బతికించేది ఏమిటో బిల్డర్లు కనిపెట్టారు, దానికి చదరపు అడుగు లెక్కన ధర కట్టారు. అదే సంగతి రెండువేల ఏళ్ల కిందటే తెలిసిన సంఘం మాత్రం వారానికి ఆరు రోజులు హాలుకు తాళం వేసుకుని కూర్చుంది.

ముందు ఆ మేలు సంగతి చూద్దాం. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టడ్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె సహచరులు అప్పటిదాకా జరిగిన 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మొత్తం మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలవి. నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు, లేనివాళ్లకంటే, ఆ అధ్యయనాలు సాగిన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ అని తేలింది. సిగరెట్ మానేస్తే కలిగే మేలుతో పోల్చదగ్గ మేలు ఇది అని వాళ్లే రాశారు. సిగరెట్ పెట్టె మీద పుండ్లు పడిన నోటి బొమ్మ వేయిస్తున్నాం. ఒంటరి ఇంటి తలుపు మీద ఏ బొమ్మా లేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి పరిశోధకులే కావాలా? ఒక్కదానికే పొయ్యి ముట్టించాలంటే ఏ అవ్వకీ మనసొప్పదు. నిన్నటి సంకటిలో మజ్జిగ పోసుకుని, ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకుని పొద్దు గడుపుతుంది. రెండు నెలలు అలా గడిస్తే కండ కరిగిపోతుంది. కాళ్లలో బలం తగ్గుతుంది. ఒకరోజు గడప దాటుతూ పడుతుంది. తుంటి ఎముక విరిగితే ఇక మంచమే. బీపీ మాత్ర వేసుకుందో లేదో అడిగేవాళ్లు లేరు. పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలని డాక్టర్లు చెబుతారు. రాత్రి పదింటికి మూతి వంకరపోయిన మనిషిని పొద్దున పాలు పోయడానికొచ్చిన పిల్ల చూస్తే ఆ నాలుగున్నర గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ఆమె పడకపోవడానికైనా, పడ్డా బతకడానికైనా కావలసింది పక్కన ఇంకో మనిషి. రిటైర్మెంట్ కాలనీ అమ్మేది అదే. పచ్చిక, క్లబ్ హౌస్ అంతా దానికి చుట్టిన కాగితం.

(ఒక జాగ్రత్త చెప్పాలి. అలాంటి కాలనీల్లో ఉన్నవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని చూపించే లెక్కల్లో ఒక మెలిక ఉంటుంది. అక్కడికి చేరగలిగినవాళ్లు మొదటి నుంచీ బాగా తిన్నవాళ్లు, ఎండలో రాళ్లు కొట్టనివాళ్లు, నెలనెలా పెన్షన్ వచ్చేవాళ్లు. ఆరోగ్యాన్ని సగం బయటి నుంచే మోసుకొచ్చి ఉంటారు. కాబట్టి గోడల లోపల గాలిలో ఏదో మహత్యం ఉందని అనుకోకండి.)

ఇప్పుడు ఆ గోడల బయట చూద్దాం. తమిళనాడులో ధర్మపురి జిల్లా, కారిమంగళం దగ్గర పెరియంపట్టి అని ఒక ఊరుంది. తెలుగు పాఠకులకు ఈ పేరు కొత్తగా ఉండవచ్చు గాని ఈ జిల్లా మనకు కొత్త కాదు. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లలో అరుంధతియర్లు ఉన్నారు, ఆంధ్రలో మన మాదిగ సోదరుల బంధువులే. పాట తెలుగులో పాడతారు, బైబిలు తమిళంలో చదువుతారు. 2004లో కృష్ణగిరిని విడదీశాక ధర్మపురికి మిగిలింది ఎక్కువగా మెట్ట పొలాలు, మామిడి తోటలు, బోరు నీళ్లు. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. కాని ఇవాళ డెబ్బై ఏళ్లున్న మనిషి అంతకుముందు అరవై ఏళ్లు తాగింది బోరు నీళ్లే, బావి నీళ్లే. ఫ్లోరైడ్ ఎముకలో దిగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగదు, మెడ తిరగదు. నల్గొండవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పిల్లలు ఎక్కడ? బెంగళూరులో సెంట్రింగ్ పనిలో, హోసూరు ఫ్యాక్టరీల్లో, తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో. ఈ ప్రాంతపు ఊళ్లలో పగలు పదకొండు గంటలప్పుడు కాలనీలోకి వెళ్తే కనబడేది ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో మనవలు. పిల్లలు బడి వయసుకొచ్చి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లిపోయాక ముసలివాళ్లే మిగులుతారు. వాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 60 దాటిన మగవాళ్లు 1,000 మందికి ఆడవాళ్లు 1,033 మంది. మామూలు జనాభాలో ఆడపిల్లల సంఖ్య తక్కువ ఉండే ఈ దేశంలో, ముసలితనానికి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. భర్త ముందు పోతాడు, భార్య ఒంటరిగా మిగులుతుంది. అదే జనగణన ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్లకు పైగా. వాళ్లలో పదిమందికి ఏడుగురు పల్లెల్లోనే ఉన్నారు. సీనియర్ లివింగ్ కాలనీలు లేచేది కోయంబత్తూరులో, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ శివార్లలో.

వాటిలోకి ఎవరు వెళ్లగలరు? ఇల్లు కొనడానికి లక్షల్లో, తర్వాత నెలనెలా భోజనానికి, నిర్వహణకు వేలల్లో. డబ్బు ఒక్కటే గడప కాదు. చాలా చోట్ల శాకాహారం మాత్రమే, లోపల గుడి, ఉదయం సుప్రభాతం. ఎవరి భక్తి వారిది, దానితో నాకు పేచీ లేదు. కాని శాకాహారం మాత్రమే అని రాసిన బోర్డు ఎవరిని లోపలికి పిలుస్తుందో, ఎవరిని గేటు దగ్గరే ఆపుతుందో మన దేశంలో తెలియనిది ఎవరికి? జీవితమంతా ఊరికి ఒక పక్క విడిగా ఉంచిన కాలనీలో బతికిన అవ్వకు, చివరి పదేళ్లకు కూడా ఆ విడి కాలనీయే గతి. లోపల అంట్లు తోమడానికి మాత్రం పిలుస్తారు. పెద్దల మలమూత్రాలు ఎత్తే పనికి ఎవరి ఇంటి ఆడపిల్లలు కుదురుతున్నారో ఎప్పుడైనా గమనించారా? వేరేవాళ్ల అమ్మను చూసుకోవడానికి బెంగళూరు వెళ్లిన కోడలి ఇంట్లో, ఆమె అత్తను చూసేవాళ్లు లేరు.

ఇంకో సంగతి. వృద్ధులకంటూ ప్రత్యేకంగా పెద్ద పట్నమే కట్టినవాళ్లు అమెరికన్లు. 1960 జనవరి 1న అరిజోనా రాష్ట్రంలో సన్ సిటీ తెరిచారు. గోల్ఫ్, ఈతకొలను, ఎండ, అన్నీ ఉన్నాయి. పిల్లలు మాత్రం నివాసం ఉండకూడదు. మనవడు చూడటానికి రావచ్చు, కాపురం ఉండటానికి వీల్లేదు. జెకర్యా ప్రవక్త ఎనిమిదో అధ్యాయంలో దేవుడు మళ్లీ కట్టిస్తానన్న యెరూషలేమును గుర్తు చేసుకోండి. దాని వీధుల్లో చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు కూర్చుని ఉంటారు, అదే వీధుల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. పట్నం బాగుందో లేదో కొలవడానికి ప్రవక్త పెట్టిన కొలత అది. ప్రాకారం ఎత్తు గురించి అక్కడ మాట లేదు. పిల్లల్ని బయట ఉంచిన సుఖం ప్రవక్త చూసిన సుఖం కాదు.

"అయ్యగారూ, మనకు ఈ హోముల గొడవ ఎందుకు? తల్లిదండ్రుల్ని సన్మానించమని ఆజ్ఞ ఉంది కదా, పిల్లలే చూసుకోవాలి" అని మన సంఘాల్లో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఆజ్ఞ ఉంది. మొదటి తిమోతి అయిదో అధ్యాయంలో పౌలు కూడా సొంతవారిని చూసుకోనివాణ్ని గట్టిగానే మందలించాడు. కాని ఈ ప్రసంగం మనం ఎవరికి చేస్తున్నాం? అమెరికాలో ఉండి అమ్మను రిటైర్మెంట్ కాలనీలో పెట్టిన కొడుకు మందిరానికి కానుక పంపిస్తాడు కాబట్టి అతనికి చెయ్యం. బెంగళూరులో రేకుల షెడ్డులో నలుగురితో పడుకునే సెంట్రింగ్ కుర్రాడికి చేస్తాం. వాడు అమ్మను ఎక్కడికి తీసుకెళ్లాలి? ఆ షెడ్డులోకా? వాడి కూలి అమ్మను దగ్గర పెట్టుకునేంత ఉండదు, ఊళ్లో ఉండిపోతే ఆ కూలి కూడా ఉండదు. వాడి గుండె మీద అపరాధ భావం మోపి ఇంటికి పంపడం సువార్త కాదు. వాడికి ఆ కూలి కట్టినవాణ్ని, ఆ ఊళ్లో పని లేకుండా చేసిన పాలనను వదిలేసి వాడొక్కణ్నే పాపిగా నిలబెట్టడం పిరికితనం.

యేసు ప్రభువు ఈ విషయంలో ఎవరి మీద కోపపడ్డాడో చూడండి. మార్కు ఏడో అధ్యాయం. తల్లిదండ్రులకు దక్కవలసిన సొమ్మును "కొర్బాను", అంటే దేవునికి అర్పితం, అని ప్రకటిస్తే చాలు, ఇక వాళ్లకు ఏమీ చెయ్యనక్కర్లేదని బోధించిన మతపెద్దల మీద. ఆలయం పేరు చెప్పి అమ్మానాన్నల ముద్ద లాగేసుకున్నవాళ్ల మీద. మన మందిరాలకు ఇప్పుడు ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి, ఏసీలు వచ్చాయి, సంఘ వార్షికోత్సవానికి పూల తోరణాలు వచ్చాయి. ఆ సంఘంలోనే పెన్షన్ డబ్బులోంచి పదోవంతు తీసి కవర్లో పెట్టి తెచ్చే అవ్వలు ఉన్నారు. ఆ కవరు తీసుకుంటున్న చేతులు, ఆ అవ్వ పొద్దున ఏం తిందో అడగవు. ఇది కొర్బాను కాకపోతే మరేమిటో నాకు ఎవరైనా వాక్యం చూపించి చెప్పాలి.

తొలి సంఘం మొదటిసారి కొట్లాడుకున్నది సిద్ధాంతం గురించి కాదు, ముసలి ఆడవాళ్ల భోజనం గురించి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీలో చాలామందికి కంఠతా వచ్చు గాని, పెరియంపట్టిలాంటి చోట నిలబడి మళ్లీ చదవండి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ వడ్డనలో పక్కన పెడుతున్నారని సణుగుడు పుట్టింది. మూడు సంగతులు చూడండి. ఒకటి, ఆ పరిచర్య రోజువారీది. క్రిస్మస్‌కు చీరా, కేకు ముక్కా కాదు. రెండు, వెనక్కి నెట్టబడినవాళ్లు వేరే భాష మాట్లాడే విధవరాండ్రు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట తమిళం తడబడుతూ మాట్లాడే మన అవ్వకు ఆ కథలో చోటుంది. ఆస్పత్రిలో నర్సు చెప్పింది సగమే అర్థమై తలూపే అవ్వ ఆమె. మూడోది అందరికంటే ముఖ్యం. అపొస్తలులు ఆ పనికి ఏర్పరచిన ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిన గుంపు చేతికే గరిటె ఇచ్చారు. పైనుంచి దయ తలచి ఒక కమిటీని దింపలేదు.

ఆ మూడో సంగతి రిటైర్మెంట్ కాలనీలకు, మన వృద్ధాశ్రమాలకు కూడా తెలియనిది. కాలనీలో ముసలివాడు కస్టమరు. ఆశ్రమంలో ముసలివాడు అనాథ, ఫొటోలకు పండు చేతిలో పెట్టించుకునేవాడు. రెండు చోట్లా అతను ఏమీ చెయ్యనివాడు. పనిచేసి బతికిన చేతులకు పని లేకుండా చెయ్యడం కూడా ఒక జబ్బు తెచ్చిపెట్టడమే. మన అవ్వలు విత్తనాలు దాచగలరు, పిల్లలకు స్నానం చేయించగలరు, బాలింతకు ఏం పెట్టాలో చెప్పగలరు, కూర్చుని ఆకుకూర వలవగలరు. కూర్చోబెట్టి అన్నం పెడితే చాలు అనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే పేద పనిమనిషి, చూపు లేని, కాలూ చెయ్యీ సరిగా ఆడని ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చుకుని తన మంచం ఆమెకిచ్చింది, తాను అటక మీద పడుకుంది. అక్కడ పుట్టిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సోదరీమణులు సికింద్రాబాద్‌లో, బెంగళూరులో కూడా వృద్ధుల గృహాలు నడుపుతున్నారు. అడుక్కుని తెచ్చి పెట్టడం వాళ్ల ఆనవాయితీ. కథోలికులు కదా అని మనం పక్కకు పెట్టేస్తాం, అది మన నష్టం. 2004 సునామీ తర్వాత కడలూరు జిల్లా తామరైకుళంలో హెల్ప్ ఏజ్ ఇండియా దిక్కులేని వృద్ధుల కోసం ఒక ఊరే కట్టింది, దాదాపు వందమందికి. పేదవాళ్లకు కూడా రిటైర్మెంట్ కమ్యూనిటీ కట్టవచ్చని దానికి మించిన సాక్ష్యం ఎందుకు? కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ పని, తర్వాత ఊరూరా ఇరుగుపొరుగు వాలంటీర్ల చేతుల్లోకి వెళ్లింది. మంచం పట్టినవారి ఇంటికి నర్సుతో పాటు పక్కవీధి టీచరు, ఆటో డ్రైవరు వెళ్తారు. అక్కడ కొత్తగా భవనం కట్టలేదు. మనుషుల్ని ఒకరికొకర్ని కట్టారు.

అందుకే పెరియంపట్టి లాంటి ఊళ్లో రిటైర్మెంట్ కమ్యూనిటీ అంటే నా లెక్కలో కొత్తగా స్థలం కొని ప్రహరీ కట్టడం కాదు. వృద్ధులు ఉన్న కాలనీయే ఆ కమ్యూనిటీ. వాళ్ల గడప, వాళ్ల వేపచెట్టు, వాళ్ల భాష మాట్లాడే పొరుగు, అన్నీ ముందే ఉన్నాయి. లేనిది రోజుకు ఒక పూట అందరూ కలిసే చోటు, కలిసి తినే ముద్ద, పేరు పెట్టి పిలిచి లెక్క చూసుకునే అలవాటు. చోటు మన దగ్గర ఉంది. ఆదివారం మూడు గంటలు, బుధవారమో శుక్రవారమో రెండు గంటలు వాడి, మిగతా వారమంతా తాళం వేసి ఉంచే హాలు అది. ఫ్యాన్లున్నాయి, చాపలున్నాయి, కుళాయి ఉంది. ప్రేమ విందులకు కొన్న పెద్ద గిన్నెలు ఉన్నాయి. ఒక ర్యాంపు పోయించాలి, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక ఇనప కడ్డీ, కూర్చునే కమోడ్ పెట్టించాలి. ఇంతే ఖర్చు. మేస్త్రీలు మన సంఘంలోనే ఉన్నారు.

"మందిరం పరిశుద్ధ స్థలం అయ్యగారూ, రోజూ తెరిచి అన్నం పెడితే మురికి అవుతుంది" అన్నారు ఒక సంఘంలో పెద్దలు. అన్నం మెతుకులకు అపవిత్రమయ్యే పరిశుద్ధత ఎక్కడిదో నాకు తెలియదు. రొట్టె విరిచే బల్ల ఉన్న చోటే కదా అది. ఇంకొకరు అడిగారు, "అందరూ విశ్వాసులేనా? మారియమ్మకు మొక్కేవాళ్లు కూడా వస్తారు." రావాలి. ఆకలికి బాప్తిస్మపు సర్టిఫికెట్ అడిగే సంఘం సమరయుని కథను ప్రసంగించడం మానుకోవాలి. ఆ హాల్లో అన్నం పెట్టి మతం మార్చమని అడగకూడదు కూడా. ముసలితనపు బలహీనతను వాడుకోవడం ప్రభువు పేరుకు మచ్చ.

సంఘం చేస్తే సర్కారు చేతులు దులుపుకుంటుంది అనే భయం నాకూ ఉంది. కాబట్టి రెండూ చెయ్యాలి, గిన్నె ఒక చేత్తో, అర్జీ ఇంకో చేత్తో. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అందులో 19వ సెక్షన్, దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక గృహం, అందులో కనీసం 150 మందికి చోటు అంటుంది. వినడానికి బాగుంది. కాని రాష్ట్ర ప్రభుత్వం పెట్టి తీరాలి అని అక్కడ లేదు, పెట్టవచ్చు అని ఉంది. ఆ ఒక్క మాట సందులోంచి ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు జారిపోతున్నాయి. అదే చట్టంలో పిల్లల నుంచి మనోవర్తి ఇప్పించే భాగంలో మాత్రం ట్రిబ్యునల్, గడువు, జైలు శిక్ష అన్నీ ఉన్నాయి. కొడుకు మీద చట్టం పళ్లు చూపిస్తుంది, ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి బోసినోటితో నవ్వుతుంది.

పెన్షన్ సంగతి ఇంకా సిగ్గుచేటు. 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్ర ప్రభుత్వం వాటా నెలకు 200 రూపాయలు. 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టి పథకాన్ని విస్తరించినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఎనభై దాటితే 500. మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 చేశారు. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. తమిళనాడు 2023లో వెయ్యిని 1,200 చేసింది. 1962లోనే వృద్ధాప్య పెన్షన్ మొదలుపెట్టిన రాష్ట్రం అది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అటు ఒక అవ్వ, ఇటు ఒక అవ్వ, ఇద్దరి ఆకలీ ఒకటే, మాట్లాడే తెలుగూ ఇంచుమించు ఒకటే. రూపాయలు మాత్రం వేరు. ఆ డబ్బు తీసుకోవడానికి కూడా, రాళ్లు మోసి అరిగిపోయిన వేళ్లకు మిషన్ మీద వేలిముద్ర పడదు.

అయితే తమిళనాడును ఒట్టి తిట్లతో వదిలేయలేను. మన రెండు రాష్ట్రాలు నేర్చుకోవలసినవి అక్కడ ఉన్నాయి. 1982లో ఎం.జి.ఆర్. బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని విస్తరించాక, పెన్షన్ తీసుకునే వృద్ధులకు కూడా అదే కేంద్రంలో అన్నం పెట్టే ఏర్పాటు వచ్చింది. ఆలోచించండి, బడిలో గంట కొట్టగానే పిల్లలు ఒక వరుస, అవ్వలు, తాతలు ఒక వరుస. ప్రభుత్వమే స్వచ్ఛంద సంస్థల ద్వారా 25 మంది వృద్ధుల్ని, 25 మంది దిక్కులేని పిల్లల్ని ఒకే ప్రాంగణంలో ఉంచే గృహాలు కూడా పెట్టించింది. జెకర్యా వీధి గురించి ఆ అధికారులకు తెలిసి చేశారో తెలియక చేశారో గాని, సన్ సిటీకంటే ఈ ఆలోచన బైబిలుకు దగ్గర. ఇంటి దగ్గరికే బీపీ, షుగరు మాత్రలు, ఫిజియోథెరపీ తెచ్చే మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని 2021 ఆగస్టు 5న ప్రారంభించింది పక్కనే ఉన్న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. కాబట్టి పెరియంపట్టి వైపు సంఘాలు సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఆ పథకం కింద తిరిగే మహిళా కార్యకర్తకు ఇరవై ఇళ్లు తిరిగే బదులు, మందిరం హాల్లో ఇరవై మంది ఒకచోట కనబడితే ఆమెకు పని సులువు, వాళ్లకు మాత్రలు తప్పవు.

యౌవనస్థులకు ఒక మాట. మీరు సెలవులకు ఊరు వచ్చినప్పుడు యూత్ మీటింగులో గిటారు వాయిస్తారు, మంచిదే. ఈసారి ఒక నోటు పుస్తకం పట్టుకుని కాలనీ తిరగండి. అరవై దాటినవాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా: ఎవరితో ఉంటున్నారు, రోజుకు ఎన్నిసార్లు వండుతున్నారు, ఏ మాత్రలు, పెన్షన్ వస్తోందా ఆగిందా, ఆగితే ఎందుకు ఆగింది, రాత్రి ఏమైనా అయితే ఎవరిని పిలుస్తారు. ఆఖరి ప్రశ్నకు చాలామంది ఏమీ చెప్పరు, పైకి చూపిస్తారు. దాన్ని భక్తి అని రాసుకోకండి. "ఎవరూ లేరు" అని రాయండి. అలా రాసిన ప్రతి ఇంటికి పక్కింటివాళ్లలో ఒకరిని, వాళ్లు ఏ కులం, ఏ మతం అయినా సరే, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తలుపు తట్టి పలకరించడానికి ఒప్పించండి. వంటకు, లెక్కలకు, ఎవరు రాలేదో చూసుకోవడానికి ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో పాస్టరు గాని, పాస్టరు బావమరిది గాని ఉండకూడదు. కాలనీ అవ్వలు, తాతలే వాళ్లలోంచి ఏర్పరచుకోవాలి.

తర్వాత ఆ పుస్తకం పట్టుకుని వెళ్లాల్సిన చోటు కలెక్టరాఫీసు. ప్రతి సోమవారం ప్రజల అర్జీలు తీసుకుంటారు. ధర్మపురిలోనూ అంతే, చిత్తూరులోనూ అంతే. అర్జీ తమిళంలో ఒక కాగితం, మన అవ్వలు చదివించుకుని వేలిముద్ర వేయడానికి తెలుగులో ఒక కాగితం. అందులో మూడు ప్రశ్నలు చాలు. 19వ సెక్షన్ చెప్పిన 150 మంది గృహం మన జిల్లాలో ఏ ఊళ్లో ఉంది? పెన్షన్ ఆగిపోయిన ఈ పేర్లకు మళ్లీ ఏ నెల నుంచి వస్తుంది? పెన్షన్ తీసుకునే వృద్ధులకు బడి కేంద్రంలో అన్నం పెట్టాలన్న ఏర్పాటు మా ఊళ్లో ఎందరికి అందుతోంది? రసీదు తప్పకుండా తీసుకోండి. అవ్వలను కూడా వెంట తీసుకెళ్లండి, షేర్ ఆటో ఖర్చు సంఘం కానుకల్లోంచి పెట్టించండి.